కానుక ఇచ్చేముందు పుచ్చుకునేవారిని చూడండి

పెద్దలను దర్శించడానికి, గర్భిణిని, పసిపిల్లలను, రోగిని పలకరించడానికి రిక్తహస్తాలతో వెళ్ళరాదన్నది మన పూర్వులు నేర్పిన మర్యాద. గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి, మిరప భూములలో ఈ మర్యాద నేటికీ చెక్కుచెదరలేదు. 2022లో పల్నాడు, బాపట్ల జిల్లాలు వేరుపడినప్పటికీ, నరసరావుపేట నుంచి అద్దంకి దాకా, చిలకలూరిపేట నుంచి దర్శి దాకా వియ్యాలు, రాకపోకలు, పెట్టుపోతలు అన్నీ ఒక్కటే. సంక్రాంతికి అరిసెలు, సీమంతానికి చలిమిడి, బాలింతకు కాయం, ఎడపిల్ల వెళ్ళేటప్పుడు సారె, పట్నంలో ఉన్న పిల్లలకు ఏడాదికి సరిపడా కారం, పచ్చళ్ళు. వీటిలో ఏది తప్పినా మనసు చివుక్కుమంటుంది. ప్రేమ ఉన్నచోట ఇచ్చిపుచ్చుకోవడం ఉండి తీరుతుంది. అది ఉండవలసినదే.

అయితే ఈ ప్రాంతంలో చాలాకాలంగా వైద్యవృత్తిలో ఉన్నవాడిగా నేనొక విషయం గమనిస్తూ వస్తున్నాను. మనం ఏమి ఇవ్వాలన్నది ఆనవాయితీని బట్టి నిర్ణయించుకుంటున్నాము. ఎంత ఇవ్వాలన్నది అంతస్తును బట్టి నిర్ణయించుకుంటున్నాము. ఎవరికి ఇస్తున్నాము, వారి శరీరస్థితి ఏమిటి, ఆ వస్తువు వారికి సరిపడుతుందా అన్నది మాత్రం చిట్టచివరికి కూడా ఆలోచించడం లేదు. ఆయుర్వేదం దీనికి సరిగ్గా ఎదురుదారి చెబుతుంది. ముందు మనిషిని చూడు, ఆ తరువాతనే ద్రవ్యాన్ని ఎంచు అంటుంది. ఔషధానికి వర్తించే ఈ నియమం కానుకకు కూడా వర్తిస్తుందని నా దృఢమైన అభిప్రాయం.

కాదనలేని కానుక

వైద్యుడు ఇచ్చిన మందు చేదుగా ఉంటే రోగి మానివేయగలడు. అంగడివాడు అంటగట్టబోయిన సరుకు వద్దని చెప్పి రాగలడు. కాని కన్నకూతురు ఎండలో బస్సెక్కి, ఒళ్ళో పెట్టుకుని తెచ్చిన మిఠాయి పొట్లాన్ని ఏ తండ్రి వద్దనగలడు? మధుమేహం ఉన్న తండ్రులు ఎందరో నాతో ఈ మాట చెప్పారు: "ఏం చెయ్యనండీ, పిల్ల మనసు నొచ్చుకుంటుందని రెండు తిన్నాను." ఆ రెండింటితో ఆగదు. పొట్లం ఇంట్లో ఉన్నన్నాళ్ళూ అది పిలుస్తూనే ఉంటుంది. పారవేయడానికి మనసొప్పదు, ఇంకొకరికి ఇవ్వడానికి మొగమాటం. చివరికి ఆ తీపి అంతా వారి ఒంట్లోకే చేరుతుంది.

ప్రేమతో ఇచ్చినదాన్ని నిరాకరించే శక్తి పుచ్చుకునేవారికి ఉండదు. కనుక మంచిచెడ్డలు ఎంచవలసిన బాధ్యత పూర్తిగా ఇచ్చేవారిదే. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే చాలు, మన పెట్టుపోతలు సగం చక్కబడతాయి.

ఇది చిన్న విషయమని త్రోసిపుచ్చడానికి వీలులేదు. భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యాన జరిగి 2023లో వెలువడిన సర్వే ప్రకారం మన దేశంలో మధుమేహం ఉన్నవారు సుమారు 10 కోట్ల 10 లక్షల మంది. పెద్దవారిలో నూటికి 35 మందికి పైగా రక్తపోటు ఉన్నది. అంటే మనం గడప తొక్కబోయే ప్రతి ఇంటిలోను తీపి పడనివారో, ఉప్పు పడనివారో ఒకరు ఉండే అవకాశం మెండు. మన మర్యాదలు ఏర్పడిననాటి ఇళ్ళు వేరు, నేటి ఇళ్ళు వేరు.

బెల్లంతో చేసినవైతే ఫరవాలేదని కొందరు, తేనె అయితే మంచిదేనని మరికొందరు భావిస్తున్నారు. ఇది సరి కాదు. మధుమేహం ఉన్నవారిలో బెల్లం, తేనె, తాటిబెల్లం కూడా పంచదారవలెనే రక్తంలో చక్కెరను పెంచుతాయి.

చరకుడు చెప్పిన ఎనిమిది విషయాలు

చరకసంహిత విమానస్థానం మొదటి అధ్యాయంలో ఆహారం హితమా అహితమా అని నిర్ణయించడానికి ఎనిమిది విషయాలు పరిశీలించాలని చెప్పబడింది. అవి ప్రకృతి, కరణం, సంయోగం, రాశి, దేశం, కాలం, ఉపయోగసంస్థ, ఉపయోక్త. ద్రవ్యం యొక్క సహజగుణం ప్రకృతి. దానిని తయారుచేసే విధానం కరణం. దేనితో కలుపుతున్నామన్నది సంయోగం. ఎంత మోతాదన్నది రాశి. ఏ ప్రాంతం, ఏ ఋతువు అన్నవి దేశకాలాలు. తినే నియమం ఉపయోగసంస్థ. ఇక చిట్టచివరిదైన ఉపయోక్త అంటే తినే మనిషి. మొదటి ఏడూ ఎంత చక్కగా కుదిరినా, ఎనిమిదవది కుదరనినాడు ఫలితం ఉండదు. ఒకరికి అమృతమైనది మరొకరికి విషమయ్యేది ఇక్కడే.

రోగిని చూడబోయేటప్పుడు మనం ఏమి తీసుకువెళుతున్నామో చూడండి. కొబ్బరిబొండాలు, అరటిపండ్లు, బత్తాయిలు. జ్వరం తగ్గి కోలుకునేవారికి ఇవి మంచివే. కాని మూత్రపిండాల జబ్బు ముదిరినవారి సంగతి వేరు. కొబ్బరినీటిలో, ఈ పండ్లలో పొటాషియం హెచ్చుగా ఉంటుంది. పాడైన మూత్రపిండాలు దానిని బయటకు పంపలేవు. అది రక్తంలో పేరుకుంటే గుండె లయ తప్పే ప్రమాదం ఉన్నది. "బొండాం నీళ్ళేగా, చలవ చేస్తుంది" అని బలవంతాన తాగించడం ఎంత అనర్థమో ఆలోచించండి. బయలుదేరేముందు ఇంటివారిని ఒక్కమాట అడిగితే పోయేదేమీ లేదు. "ఏం తేమ్మంటారు?" అనే ప్రశ్న మర్యాదకు లోటు కాదు. నా దృష్టిలో అదే మొదటి కానుక.

తొలి కాన్పు, పుట్టింటి పథ్యం

తొలి కాన్పు పుట్టింటిలో జరగాలన్నది మనలో ఉన్న ఆచారం. దీని వెనుక ఉన్న వైద్యదృష్టి మెచ్చదగినది. నెలలు నిండిన పిల్లకు పనిభారం తగ్గుతుంది. చనువుగా ఆకలి అని చెప్పుకోగల చోటు దొరుకుతుంది. కాన్పు తరువాత తల్లి చేతి పథ్యం అందుతుంది. శొంఠి, పిప్పళ్ళు, మిరియాలు, మోడి, వాము, బెల్లం, నెయ్యి కలిపి వండే కాయం, వెల్లుల్లి వేసిన కారంపొడులు జఠరాగ్నిని ప్రదీప్తం చేయడానికి, వాతాన్ని అణచడానికి ఉద్దేశించినవి. ఇంటింటికీ పాళ్ళు మారుతాయి, ఉద్దేశం ఒక్కటే. అదేవిధంగా ఈడేరిన ఆడపిల్లకు నువ్వుల చిమ్మిలి, సున్నుండలు పెట్టడం కూడా ఎరిగి పెట్టిన ఆచారమే. ఎదిగే వయసుకు కావలసిన మాంసకృత్తులు మినుములలోను, ఎముకలకు కావలసిన కాల్షియం నువ్వులలోను సమృద్ధిగా ఉన్నాయి.

అయితే ఇక్కడ కూడా ఉపయోక్తను చూడక తప్పదు. ఇప్పుడు గర్భిణీస్త్రీలలో కొందరికి గర్భకాలంలోనే చక్కెర పెరుగుతున్నది, కొందరికి రక్తపోటు పెరుగుతున్నది. అటువంటి పిల్లకు చలిమిడి పళ్ళెం నిండుగా పెట్టి, అంతా తినాలని పట్టుబట్టరాదు. చలిమిడి ఎటూ ముత్తైదువులకు పంచేదే. పిల్ల నోట చిటికెడు ఉంచి, మిగిలినది పంచితే శాస్త్రానికి లోపం రాదు, ఆరోగ్యానికి చేటు రాదు. కాయం సంగతి కూడా కాన్పు చేసిన డాక్టరుతో చెప్పి మొదలుపెట్టడం క్షేమకరం.

ప్రేమ పేరుతో జరిగే మూడు పొరపాట్లను మాత్రం ఇక్కడ ప్రత్యేకంగా చెప్పవలసి ఉన్నది. మొదటిది, బాలింతకు మంచినీళ్ళు తగ్గించి ఇవ్వడం. పొట్ట పెరుగుతుందని, బిడ్డకు జలుబు చేస్తుందని ఇలా చేస్తారు. పాలిచ్చే తల్లికి దాహం హెచ్చు. నీరు మానితే నీరసం, మలబద్ధకం, మూత్రంలో మంట కలుగుతాయి. కాచి చల్లార్చిన నీరు దాహం తీరేటంతగా ఇవ్వాలి. రెండవది, పసికందు నాలుకకు తేనె రాయడం. ఏడాది నిండని బిడ్డకు తేనె అరుదుగానైనా ప్రాణాంతకమైన విషప్రభావం కలిగించవచ్చునని నేటి వైద్యశాస్త్రం తేల్చింది. మూడవది, కడుపు శుద్ధి కోసమని ఆముదం పట్టడం. ఆరు నెలలు నిండేవరకు బిడ్డకు తల్లిపాలు తప్ప నీళ్ళు సైతం అక్కరలేదు. అమ్మమ్మలు, నాయనమ్మలు నన్ను మన్నించాలి. మీ ప్రేమను శంకించడం లేదు, చేతిలోని గిన్నెను మాత్రం పక్కన పెట్టమని వేడుకుంటున్నాను.

ఆ గిన్నెకు బదులుగా ఇవ్వదగినది మీ దగ్గరే ఉన్నది. ఉతికి ఉతికి మెత్తబడిన మీ నూలుచీరలను పొరలుగా వేసి కుట్టిన బొంత పసిబిడ్డ చర్మానికి ఎంతో హాయినిస్తుంది. చెమట పీలుస్తుంది, ఒరుసుకోదు. అంగడిలో కొన్న నిగనిగలాడే నైలాను దుస్తులు మన ఎండలకు పసివాళ్ళకు పొక్కులు తెప్పిస్తున్నాయి. పత్తి పండే నేలపై పుట్టిన బిడ్డకు నూలుబట్ట దక్కకపోవడం విచారకరం కాదా?

ఏ కాలానికి ఏది, ఏ చోటికి ఏది

మన దానాలలో ఋతుచర్య ఇమిడి ఉన్నదన్న సంగతి చాలామంది మరచిపోయారు. చలికాలపు సంక్రాంతికి నువ్వులు, కొత్తబియ్యం, బెల్లం, నెయ్యి. జఠరాగ్ని బలంగా ఉండే కాలం గనుక గురుపదార్థాలు అరుగుతాయి. వైశాఖంలో నీళ్ళకుండ, విసనకర్ర, గొడుగు, పాదరక్షలు, పెరుగన్నం. ఎండ కాల్చివేసే కాలం గనుక చలువ చేసేవాటికి ప్రాధాన్యం. ఈ వివేకం దానంలో మిగిలింది గాని కానుకలలో కనిపించడం లేదు. రెంటచింతల ఎండలను గూర్చి తెలియని తెలుగువారు లేరు. అటువంటి మే నెలలో పెళ్ళిచూపులకు, గృహప్రవేశాలకు నేతి మిఠాయిలు మోసుకుపోయేబదులు తాటిముంజలు, నిమ్మకాయలు, సబ్జాగింజలు, ఒక మంచి మట్టికుండ పట్టుకుపోతే ఇల్లంతా సేదతీరుతుంది. వట్టివేళ్ళు చిన్న మూటకట్టి కుండనీటిలో వేసుకొమ్మని ఇస్తే తాగినప్పుడల్లా ఇచ్చినవారిని తలచుకుంటారు.

దేశాన్ని బట్టి కూడా ఆలోచించాలి. ఉమ్మడి ప్రకాశం జిల్లా పశ్చిమభాగాన కనిగిరి వంటి ప్రాంతాలలో భూగర్భజలాలలో ఫ్లోరైడు అధికంగా ఉన్నది. లీటరు నీటిలో 1.5 మిల్లీగ్రాములు మించితే, ఏళ్ళ తరబడి తాగినవారికి పండ్లు గారపట్టడం, కీళ్ళు, వెన్నెముక బిగుసుకుపోవడం సంభవిస్తాయి. అక్కడ ఒంటరిగా ఉన్న తల్లిదండ్రులకు పట్నంలోని కొడుకు పండుగకు పంపవలసినది పట్టుచీర కాదు. వారు తాగే నీటిని పరీక్ష చేయించడం, రక్షిత మంచినీరు రోజూ గడప దాకా వచ్చే ఏర్పాటు చేయడం. కాచినంతమాత్రాన ఫ్లోరైడు పోదన్న సంగతి కూడా వారికి తెలియజెప్పాలి.

కారం, పచ్చళ్ళ మూట

గుంటూరు మిరపకు పేరు చెప్పనక్కరలేదు. మార్చి, ఏప్రిల్ నెలలలో మన ఇళ్ళలో కారం దంచడం ఒక ఉత్సవం. హైదరాబాదులోనో, అమెరికాలోనో ఉన్న పిల్లలకు కారం, పండుమిరప పచ్చడి, గోంగూర, ఆవకాయ, కందిపొడి సర్ది పంపుతాము. పరాయిదేశంలో ఆ డబ్బా మూత తీసినప్పుడు వచ్చే వాసనలో అమ్మ ఉంటుంది. అందువల్ల వద్దని నేను అనను. చరకుడు చెప్పిన కరణం, రాశి ఈ రెండింటినీ పాటించమంటాను.

కరణం అంటే తయారీ. కాయలను నేలమీద కాక శుభ్రమైన పట్టాలపై ఆరబెట్టాలి. రాత్రి మంచుకు తడవకుండా కప్పాలి. చేత్తో విరిస్తే పెళుసుగా విరిగేదాకా, గింజ గలగలలాడేదాకా ఎండాలి. తేమ మిగిలిన కాయలకు బూజు పడుతుంది. ఆ బూజులో పుట్టే విషం కాలేయానికి హాని చేస్తుంది. బూజు పట్టిన కాయలను తుడిచి వాడవచ్చునని అనుకోరాదు, ఏరి పారవేయాలి. రంగు కోసం దేనినీ కలపరాదు.

రాశి అంటే మోతాదు. పచ్చడికి ఉప్పు ప్రాణం. కాని ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవారికి రోజుమొత్తం మీద ఉప్పు 5 గ్రాములలోపే ఉండాలని, అంటే సుమారు ఒక చెంచా మించరాదని చెబుతున్నది. కూరలో, పప్పులో, మజ్జిగలో చేరే ఉప్పు పోను పచ్చడికి మిగిలేది చాలా స్వల్పం. ముప్ఫై అయిదేళ్ళకే రక్తపోటు మందు మొదలుపెట్టిన అబ్బాయికి నాలుగు రకాల పచ్చళ్ళు కిలోల లెక్కన పంపడం ఎంతవరకు సబబు? రెండు చిన్న సీసాలు చాలు. మిగిలిన సంచీలో ఉప్పు తక్కువగా వేసిన కరివేపాకు పొడి, అవిసెగింజల పొడి, నువ్వుల పొడి, ఎండబెట్టిన ఉసిరి ముక్కలు, శొంఠి సర్దండి. కడుపులో పుండు ఉన్నవారికి, మూలశంక బాధితులకు, పిత్తప్రకృతి గలవారికి కారం మరీ తగ్గించాలి.

అటునుంచి వచ్చే కానుకల సంగతి కూడా చెప్పుకోవాలి. విదేశాలలోని పిల్లలు రక్తపోటు చూసే యంత్రాలు, చక్కెర చూసే యంత్రాలు తల్లిదండ్రులకు పంపుతున్నారు. సంతోషమే. కాని అనేక ఇళ్ళలో అవి అట్టపెట్టె విప్పకుండానే బీరువాలో ఉన్నాయి. ఎలా వాడాలో ఎవరూ చూపలేదు, వచ్చిన అంకె ఎవరికి చెప్పాలో తెలియదు. ఉపయోగసంస్థ లోపించడమంటే ఇదే. యంత్రం పంపినవారు వారానికొకసారి ఫోను చేసి, "నాన్నా, ఈ పూట ఎంత వచ్చింది?" అని అడిగి రాసుకుంటే ఆ కానుక పూర్తవుతుంది. అడగనినాడు అది కేవలం ఇనుపముక్క.

చేనుకు వెళ్ళేవారికి ఏమి ఇస్తున్నాము?

మన ఇళ్ళలో అన్నం, బట్ట, చదువు అన్నీ పత్తిచేనులోంచి, మిరపచేనులోంచి వచ్చినవే. ఆ చేలలోకి దిగేవారికి మనం ఇచ్చేదేమిటి?

1987-88లో పత్తిపై తెల్లదోమ విరుచుకుపడి గుంటూరు, ప్రకాశం జిల్లాల రైతులు దారుణంగా దెబ్బతిన్నారు. అప్పుల బాధ తాళలేక ప్రాణాలు తీసుకున్నవారున్నారు. 2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చినా రసం పీల్చే పురుగుల బెడద తీరలేదు. 2021-22లో నల్ల తామరపురుగు మిరపతోటలను ముంచింది. పురుగు వచ్చినప్పుడల్లా మందు కొట్టే మనిషి ఒంటిమీద కూడా ఆ మందు పడుతూనే ఉన్నది. బనియనుతో, వట్టికాళ్ళతో, మూతికి గుడ్డ కూడా లేకుండా మందు కొడుతున్న తండ్రులను, అన్నదమ్ములను నేటికీ చూస్తున్నాము.

సంక్రాంతికి అల్లుడికి పట్టుబట్టలు పెట్టే మనం, మందు కొట్టే తండ్రికి నిండుచేతుల చొక్కా, రబ్బరు తొడుగులు, మంచి మాస్కు, కళ్ళద్దాలు, బూట్లు ఎందుకు పెట్టకూడదు? వీటన్నిటి వెల కలిపినా ఒక పట్టుపంచె వెలకు చేరదు. వీటితోపాటు ఇంటి ఆడవారు చేయగల పనులున్నాయి. చేనునుంచి రాగానే సబ్బుతో స్నానానికి నీళ్ళు తోడి ఉంచడం, ఆ బట్టలను మిగతావాటితో కలపకుండా విడిగా ఉతకడం, చేతులు కడగకుండా చుట్టగాని, అన్నంగాని ముట్టనివ్వకపోవడం, ఖాళీ మందుడబ్బాలను ఇంటివాడకానికి రానివ్వకపోవడం. ఇవి ప్రేమకు గుర్తులు కావా?

ఒక హెచ్చరిక. మందు కొట్టి వచ్చిన మనిషికి తల తిరగడం, విపరీతంగా చెమటలు, వాంతులు, చొంగ కారడం, చూపు మసకబారడం కనిపిస్తే ఇంటివైద్యానికి పూనుకోవద్దు. పాలు, నెయ్యి, ఉప్పునీళ్ళు ఏవీ పట్టవద్దు. బట్టలు విప్పి, ఒళ్ళు సబ్బునీటితో కడిగి, మందుడబ్బా చీటీతో సహా తక్షణం ఆసుపత్రికి చేర్చాలి. దీనికి గృహవైద్యం లేదు.

మిరపకోతకు కర్నూలు వంటి దూరప్రాంతాల నుంచి కూలీలు పిల్లాపాపలతో తరలివస్తారు. కాయలు కోసి, తొడిమలు తీసి, సాయంత్రానికి వారి వేళ్ళు నిప్పులవలె మండుతాయి. మిరపలోని ఘాటు నీటిలో కరగదు, నూనెలో కరుగుతుంది. కనుక చేతులకు ముందుగా కొబ్బరినూనె గాని, పప్పునూనె గాని పట్టించి, గుడ్డతో తుడిచి, ఆపైన సబ్బుతో కడుక్కోవాలి. పుల్లమజ్జిగలో చేతులు ముంచినా మంట ఉపశమిస్తుంది. పనిలోకి దిగేముందే నూనె రాసుకుంటే మరింత మేలు. గట్టుమీద ఒక నూనె సీసా, సబ్బు, బానెడు మజ్జిగ ఉంచడం రైతుకు ఎంతటి ఖర్చు? మనవాళ్ళంటే రక్తసంబంధీకులే కాదు. మన పంట కోసే చేతులు కూడా మనవే.

ఖర్చు లేని కానుకలు

ఖరీదైన వస్తువులు ఇవ్వలేమని నొచ్చుకునే గృహస్థులకు నేను చెప్పేదొకటే. ఆయుర్వేదం చెప్పిన గొప్ప కానుకలకు వెల లేదు. నిత్యం అభ్యంగనం చేయాలని, ముఖ్యంగా తలకు, చెవులకు, పాదాలకు తప్పక నూనె పట్టించాలని వాగ్భటుడు అష్టాంగహృదయంలో చెప్పాడు. ముసలితండ్రి పాదాలకు రాత్రిపూట గోరువెచ్చని నువ్వులనూనె రాసి పదినిమిషాలు మర్దించండి. నిద్ర బాగా పడుతుంది, పాదాల పగుళ్ళు మెత్తబడతాయి. మధుమేహం ఉన్నవారి పాదాలను చేత్తో తడమడంవల్ల వారికే తెలియని పుండు, ముల్లు, బొబ్బ మీ కంటపడుతుంది. సకాలంలో కనిపెట్టిన పుండు కాలును కాపాడుతుంది. పుండు ఉంటే మాత్రం మర్దనం ఆపి వైద్యుని సంప్రదించాలి.

కార్తికమాసం విదియనాడు సోదరి చేతి అన్నం తినే ఆచారం మనకున్నది. దానిని భగినీహస్తభోజనం అంటాము. ఆనాడు పెట్టేది అన్నమే, కాని దానిని మించిన కానుక లేదు. తమ్ముడికి రక్తపోటని తెలిసిన అక్క ఉప్పు తగ్గించి, నిమ్మరసం, కొత్తిమీర, జీలకర్రలతో రుచి పుట్టించి వండిపెడితే, "అక్క నన్ను కనిపెట్టి చూసింది" అని తమ్ముడి కడుపు, మనసు రెండూ నిండుతాయి.

ఇచ్చే చేతికి ఇచ్చేదెవరు?

ఇంతవరకు చెప్పిన కానుకలన్నిటినీ తయారుచేసేది ఎవరు? కాయం వండేది, సున్నుండలు చుట్టేది, బొంత కుట్టేది, కారం దంచేది, పచ్చడి కలిపేది, నీళ్ళు తోడేది దాదాపు ప్రతి ఇంట్లోను ఒకే వ్యక్తి. ఆమె అందరికీ వడ్డించి, ఆఖరున అడుగుబొడుగు తింటుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో నూటికి 57 మంది రక్తహీనతతో ఉన్నారు. ఇది పేదవారి ఇళ్ళకు మాత్రమే పరిమితమని అనుకోరాదు. నా దగ్గరకు ఆయాసం, నడుమునొప్పి, నిస్త్రాణ అని వచ్చే మధ్యతరగతి గృహిణులలో ఎక్కువమందిని కనురెప్ప కిందికి లాగి చూస్తే తెల్లగానే కనిపిస్తుంది. "ఎన్నాళ్ళనుంచి అమ్మా?" అంటే, "నాకేముందండీ, పిల్లలు బాగుంటే చాలు" అంటారు.

ఈ ఇల్లాలికి ఏడాదికొక చీర కొంటే ఋణం తీరదు. ఆమెతోపాటు కూర్చుని తినండి. తోటకూర, మునగాకు, పెసలు, వేరుశెనగపప్పు, గుడ్డు తినే ఇళ్ళలో గుడ్డు, భోజనంతోపాటు ఒక ఉసిరికాయో, నిమ్మచెక్కో ఆమె కంచంలో ముందుగా పడేటట్లు చూడండి. అన్నం తిన్నవెంటనే కాఫీ, టీలు మానిపించండి, అవి ఇనుము ఒంటికి పట్టనివ్వవు. రక్తపరీక్ష చేయించి, డాక్టరు మాత్రలు రాస్తే వేళకు చేతిలో పెట్టండి. కారం దంచే వారం పొయ్యి పని మగవారు చూసుకోండి. ఆమె పడుకున్నప్పుడు లేపకండి.

ప్రేమను చూపడానికి ఏమి కొనాలని ఆలోచించేముందు, ఆ మనిషికి ఏది అరుగుతుంది, ఏది పడదు, రాత్రి నిద్ర పడుతున్నదా, నీళ్ళు ఎక్కడివి తాగుతున్నారు, ఏ పని చేసి వస్తున్నారు అన్న ప్రశ్నలకు మీకు జవాబులు తెలుసునో లేదో చూసుకోండి. తెలిస్తే మీరిచ్చే పిడికెడు శొంఠిపొడి కూడా గొప్ప కానుకే. తెలియకపోతే తెలుసుకోవడానికి వెళ్ళండి. ఆసారికి రిక్తహస్తాలతో వెళ్ళినా తప్పులేదు.